చర్చి అనే మాట యూరప్ భాషల్లో ఎక్కడి నుంచి వచ్చింది: మూలం పట్టుకునే పద్ధతి

క్రైస్తవుల ఆరాధన మందిరాన్ని ఇంగ్లిష్‌లో చర్చ్ అంటారు, ఫ్రెంచిలో ఎగ్లీజ్, రుమేనియన్‌లో బిసెరికా, పోలిష్‌లో కోష్చువ్, లిథువేనియన్‌లో బజ్నీచా. మతం ఒకటే, గ్రంథం ఒకటే, పేరు మాత్రం ఒక్కో చోట ఒక్కో మూలం నుంచి వచ్చింది. ఆ మూలాలు వెతకడానికి గ్రీకు, లాటిన్ క్షుణ్ణంగా రానక్కర్లేదు. పని ఒక వరుసలో చేస్తే చాలు. వరుస తప్పితే బోల్తా పడడం ఖాయం. ఈ మాటల్లో కొన్ని ఒకేలా వినబడుతూ వేర్వేరు మూలాలవి, కొన్ని ఏ పోలికా లేకుండా ఒకే మూలానివి. అల్బేనియన్ కిషా, స్కాట్లాండ్ వాళ్ల కిర్క్ అన్నదమ్ముల్లా ఉంటాయి కానీ కావు. ఇంగ్లిష్ చర్చ్, రష్యన్ త్సెర్కొవ్ పరాయివాళ్లలా ఉంటాయి, అవేమో ఒకే ఇంటివి.

ముందు అర్థాన్ని విడగొట్టండి

చర్చ్ అనే ఒక్క ఇంగ్లిష్ మాట మూడు పనులు చేస్తుంది. కట్టడాన్ని చెబుతుంది, అక్కడ కూడే విశ్వాసులను చెబుతుంది, బిషప్పులూ చట్టాలూ ఆస్తులూ ఉన్న వ్యవస్థనూ చెబుతుంది. తెలుగులో మనం వెళ్లేది చర్చికి, బైబిల్లో చదివేది సంఘము. మత్తయి 16:18లో యేసు కడతానన్నది సంఘమునే. ఇలాంటి విభజన యూరప్‌లోనూ ఉంది. చెక్ భాషలో కోస్తెల్ అంటే కట్టడం, త్సీర్కెవ్ అంటే వ్యవస్థ. హంగేరియన్‌లో తెంప్లొమ్ కట్టడం, ఎద్యహాజ్ వ్యవస్థ. జర్మన్ కిర్షె కట్టడానికీ వ్యవస్థకీ రెంటికీ పనికొస్తుంది, ఒక ఊళ్లోని విశ్వాసుల గుంపును మాత్రం గెమైండె అంటారు.

ఇది చూసుకోకపోతే చెక్ కోస్తెల్‌ను ఫ్రెంచి ఎగ్లీజ్ పక్కన పెట్టి, చెక్ వాళ్లు గ్రీకు మాటను వదిలేశారని రాసేస్తారు. వాళ్లేమీ వదల్లేదు. వాళ్ల త్సీర్కెవ్ గ్రీకు నుంచే వచ్చింది, కాకపోతే వ్యవస్థకు పేరుగా నిలిచింది.

అర్థంతో పాటు మతశాఖనూ అడగాలి. ఫ్రాన్స్‌లో కథోలికుల మందిరం ఎగ్లీజ్, ప్రొటెస్టెంట్లది సాధారణంగా తాంప్ల్. ఉక్రెయిన్‌లో త్సెర్క్వా అంటే ముందుగా ఆర్థడాక్స్ మందిరం గుర్తొస్తుంది, కోస్త్యోల్ అంటే రోమన్ కథోలికులది. రెండోది పోలండ్ నుంచి వచ్చిన మాట.

ఒక్కో మాటకు ఆరు గళ్లు

కాగితం మీదైనా స్ప్రెడ్‌షీట్‌లోనైనా ప్రతి మాటకూ ఒక వరుస, ఆరు గళ్లు పెట్టుకోండి. నేటి రూపం, నేటి అర్థం, రాతలో దొరికిన అతి పాత రూపం, లింగం, నేరుగా ఏ భాష నుంచి అందింది, చిట్టచివరి మూలం ఏది. చివరి రెండింటినీ కలిపేయడం కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు. ఫిన్నిష్ కిర్క్కో చిట్టచివరి మూలం గ్రీకే. కానీ ఫిన్నిష్ వాళ్లకు అది అందింది స్వీడిష్ నుంచి. పక్కనే ఉన్న ఎస్టోనియా వాళ్ల కిరిక్ వచ్చింది ఉత్తర జర్మనీ భాష నుంచి. ఐదో గడి ఖాళీగా ఉంటే ఆరో గడి నింపకండి.

మొదటి గడిలో ఆ భాష స్పెల్లింగే రాయాలి. తెలుగు లిపిలో ఉచ్చారణ రాసుకుంటే చదవడానికి బాగుంటుంది, పోల్చడానికి పనికిరాదు. స్వీడిష్ మాటను వాళ్లు ష్యుర్కా అన్నట్టు పలుకుతారు, రాసేది మాత్రం క అక్షరంతోనే. చెవిని నమ్మితే అది ఇంగ్లిష్ చర్చ్‌కు దగ్గర, స్పెల్లింగును నమ్మితే డేనిష్ కిర్కెకు దగ్గర. రెండోదే నిజం. స్వీడిష్‌లో క ధ్వని మెత్తబడింది చాలా తర్వాత, తనంతట తానుగా.

మూడో గడికి నిఘంటువులు కావాలి. జర్మన్‌కు డిడబ్ల్యుడిఎస్, ఫ్రెంచికి సిఎన్‌ఆర్‌టిఎల్, రుమేనియన్‌కు డెక్స్ఆన్‌లైన్, వెల్ష్‌కు జిపిసి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. విక్షనరీని దారి చూపించడానికి వాడండి, తీర్పు చెప్పడానికి కాదు. వీటిని చదివేటప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకోండి. మాట ముందు నక్షత్రం గుర్తు ఉంటే ఆ రూపం ఏ రాతలోనూ దొరకలేదని, పండితులు లెక్కగట్టి నిలబెట్టారని అర్థం. ఇక ‘పోల్చండి’ అని ఇచ్చిన మాటలు బంధువులు, తల్లిదండ్రులు కావు. ఇంగ్లిష్ నిఘంటువు చర్చ్ కింద జర్మన్ కిర్షెను చూపిస్తుంది. అది చూసి ఇంగ్లిష్ మాట జర్మన్ నుంచి వచ్చిందని రాసినవాళ్లు కోకొల్లలు.

ఎక్లేసియా వంశం

గ్రీకు ఎక్లేసియాలో ఎక్ అంటే బయటికి, కలేయిన్ అంటే పిలవడం. క్రైస్తవం పుట్టక ముందే ఏథెన్స్‌లో ఓటు హక్కున్న పౌరులు ప్నిక్స్ గుట్ట మీద కూడే సభకు ఇదే పేరు. హీబ్రూ లేఖనాలను గ్రీకులోకి మార్చిన యూదు పండితులు ఇశ్రాయేలు సమాజాన్ని చెప్పే ఖహాల్ అనే మాటకు చాలా చోట్ల దీన్నే వాడారు. కొత్త నిబంధన రాసినవాళ్లకు మాట అలా సిద్ధంగా దొరికింది.

లాటిన్ దీన్ని అనువదించకుండా ఎక్లేసియాగానే తీసుకుంది. అక్కడి నుంచి రోమన్ సామ్రాజ్యం పడమటి భాగమంతా పాకింది. ఇక్కడ మీ పని ప్రతి భాషలో క-ల జంట ఏమైందో చూడడం. ఇటాలియన్‌లో లాటిన్ క్లావిస్, అంటే తాళంచెవి, కియావె అయింది, క్లారుస్ కియారో అయింది. మొదటి అచ్చు రాలిపోయాక క్లేసియా కియేసా కావడం అదే నియమం. పోర్చుగీసులో మేకు అనే అర్థం గల క్లావుస్ క్రావో అయింది, అంటే ల స్థానంలో ర వచ్చింది. కాబట్టి ఇగ్రేజాలో ర చూసి కంగారు పడక్కర్లేదు.

స్పానిష్ ఇగ్లేసియా దగ్గర మాత్రం ఆగండి. ఆ భాషలో పదం మధ్యలోని క-ల జంట మామూలుగా గొంతులోంచి వచ్చే హ లాంటి ధ్వని అవుతుంది. కన్ను అనే ఓక్లుమ్ అక్కడ ఓహో అయింది. ఇగ్లేసియాలో అలా జరగలేదు. నియమం తప్పిన మాట కనబడితే మూలం తప్పని తేల్చేయకుండా, దాన్ని రోజూ ఎవరు పలికేవారో చూడండి. ఇది ప్రతి వారం గురువుల నోట లాటిన్‌లో వినబడే మాట, జనం నోట పూర్తిగా అరిగిపోకుండా ఆ లాటిన్ దాన్ని పట్టి ఉంచింది. శతాబ్దం అనే అర్థం గల సిగ్లో అనే మాటదీ ఇదే కథ.

కెల్టిక్ భాషల్లో వెల్ష్ ఎగ్లుయిస్, కార్నిష్ ఎగ్లోస్, బ్రెటన్ ఇలిజ్, ఐరిష్ అగ్లిష్ అన్నీ ఈ ఇంటివే. వెల్ష్ మాట ఎంత పాతదో దాని అచ్చే చెబుతుంది. లాటిన్ దీర్ఘ ఏ వెల్ష్‌లో ఉయి అయింది. మైనం అనే కేరా కుయిర్ అయింది, వల అనే రేతె ర్హుయిడ్ అయింది, ఎక్లేసియా ఎగ్లుయిస్ అయింది. అంటే బ్రిటన్‌లో లాటిన్ మాట్లాడే రోజుల్లోనే ఈ మాట అందింది. 597లో మిషనరీ అగస్టీన్ ఇంగ్లండ్‌లోని కెంట్‌కు రాకముందే ఆ దీవిలో క్రైస్తవులు ఉన్నారనడానికి ఇదొక సాక్ష్యం.

బాస్క్ ఎలిసా, అల్బేనియన్ కిషా కూడా లాటిన్ నుంచే. అల్బేనియన్‌లో మొదటి అచ్చూ, మధ్యలో ల కారమూ రెండూ పోయాయి కాబట్టి కిర్క్‌లా కనిపిస్తుంది.

కురియకోన్ వంశం

ఎక్కువ మంది దారి తప్పేది ఇక్కడే కాబట్టి నెమ్మదిగా వెళ్దాం.

గ్రీకులో కురియోస్ అంటే ప్రభువు, కురియకోన్ అంటే ప్రభువుది. కొత్త నిబంధనలో ఈ విశేషణం రెండే చోట్ల వస్తుంది: 1 కొరింథీయులు 11:20లో ప్రభువు భోజనానికి, ప్రకటన 1:10లో ప్రభువు దినానికి. కట్టడానికి ఒక్కసారీ వాడలేదు. నాలుగో శతాబ్దం నాటి గ్రీకు క్రైస్తవ రచనల్లో ప్రభువు ఇల్లు అనే అర్థంలో మందిరానికి పేరుగా కనిపిస్తుంది. గ్రీకుల్లో ఆ వాడుక నిలవలేదు. ఇవాళ వాళ్లు మందిరాన్ని ఎక్లిసియా అంటారు, లేదా నవోస్ అంటారు. కురియకోన్‌కు చెల్లెలు మాత్రం బతికే ఉంది: ఆదివారాన్ని గ్రీకులో కిరియకీ అంటారు.

గ్రీకులు వదిలేసిన మాట జర్మానిక్ తెగల నోట, అంటే ఇంగ్లిష్, జర్మన్, డచ్, స్వీడిష్ లాంటి భాషల పూర్వీకుల నోట బతికింది. పాత ఇంగ్లిష్‌లో కిరికె అన్నట్టు రాసి, తర్వాత చిరిచె అన్నట్టు పలికారు. పాత జర్మన్‌లో కిరిహ్హా, పాత సాక్సన్‌లో కిరికా, స్కాండినేవియా వాళ్ల పాత భాష నార్స్‌లో కిర్క్యా. మాటను పరీక్షించే క్రమం ఇలా ఉండాలి.

మొదటి పరీక్ష, ఇంగ్లిష్ చ. తెలుగువాళ్లకు ఇది కన్నడం పక్కన పెట్టుకుంటే తేలిక. కన్నడ కివి మనకు చెవి, కెరె మనకు చెరువు, కిరు మనకు చిరు. ఇ, ఎ అచ్చుల ముందున్న క తెలుగులో చ అయింది, కన్నడంలో క గానే ఉంది. పాత ఇంగ్లిష్‌లోనూ సరిగ్గా ఇదే జరిగింది. డచ్ కాస్ ఇంగ్లిష్‌లో చీజ్, జర్మన్ కిన్ ఇంగ్లిష్‌లో చిన్, డచ్ కెర్క్ ఇంగ్లిష్‌లో చర్చ్. నెదర్లాండ్స్ ఉత్తరాన ఫ్రిజియన్ మాట్లాడేవాళ్లు ఇంగ్లిష్ వాళ్లలాగే త్స్యెర్కె అంటారు, జున్నును త్సీస్ అంటారు. స్కాట్లాండ్ కిర్క్‌లో క నిలవడానికి ఆ వైపు స్థిరపడిన నార్స్ వాళ్ల భాష కారణం. ఇలా కనీసం మూడు జంటలు కుదిరాకే ధ్వని నియమం ఉందని ఒప్పుకోండి. ఒక్క జంట కాకతాళీయం కావచ్చు.

రెండో పరీక్ష, జర్మన్ మాట మధ్యలోని హ. ఇంగ్లిష్ మేక్ జర్మన్‌లో మాఖెన్, బ్రేక్ అక్కడ బ్రెషెన్. అచ్చు తర్వాతి క దక్షిణ, మధ్య జర్మనీ మాండలికాల్లో మారిపోయింది. కిరికా కిరిహ్హా కావడం ఆ మార్పులో భాగమే. అంటే మార్పు మొదలు కాకముందే మాట అక్కడ ఉండాలి. ఆ మార్పు సుమారు ఆరు, ఏడు శతాబ్దాలది కాబట్టి, ఎనిమిదో శతాబ్దపు మిషనరీలు దీన్ని తెచ్చారన్న వాదన నిలవదు.

మూడో పరీక్ష, లింగం. గ్రీకు కురియకోన్ నపుంసకలింగం, జర్మానిక్ మాటలు స్త్రీలింగం. ఇది నిజమైన చిక్కే. గ్రీకు నపుంసక బహువచనం అ తో ముగుస్తుంది, దాన్ని విన్నవాళ్లు తమ స్త్రీలింగ పదంగా అనుకుని తీసుకున్నారని సాధారణంగా చెప్పే సమాధానం. పేజీలో ఎవరైనా ఈ చిక్కును అసలు ప్రస్తావించకుండా మూలం రాసేస్తే ఆ పేజీని కాస్త అనుమానించండి.

దారి సంగతికొస్తే, గోత్‌లు అనే జర్మానిక్ తెగవాళ్లు గ్రీకు నుంచి తెచ్చి మిగతా తెగలకు ఇచ్చారని పాత పుస్తకాల్లో ధీమాగా ఉంటుంది. నాలుగో శతాబ్దంలో ఉల్ఫిలా చేసిన గోతిక్ బైబిల్లో మాత్రం దొరికేది ఐక్లేస్యో, అంటే ఎక్లేసియా. కురియకోన్ జాడ గోతిక్ రాతల్లో లేదు. అందుకే రైన్ ప్రాంతంలో త్రియర్ లాంటి రోమన్ నగరాల మీదుగా వచ్చిందని చెప్పేవాళ్లు ఇప్పుడు ఎక్కువ. నాలుగో శతాబ్దంలో చక్రవర్తులు త్రియర్‌లో కొలువుండేవారు, గ్రీకు తెలిసినవాళ్లు అక్కడికి రావడం సహజం. మీ ఐదో గడిలో గోతిక్ అని రాస్తే పక్కన ప్రశ్నార్థకం పెట్టండి.

స్లావులకు ఇది జర్మానిక్ వైపు నుంచే అందిందని ఎక్కువ మంది అంగీకరిస్తారు. పాత స్లావిక్ రూపం త్స్రికీ. స్లావిక్‌లో కొన్ని అచ్చుల ముందు క ధ్వని త్స అవుతుంది. సీజర్ నుంచి జర్మానిక్‌లో కైసర్, దాని నుంచి స్లావిక్‌లో త్సెసార్, చివరికి త్సార్, అంటే మన పుస్తకాల్లోని జార్. కిరికా త్స్రికీ కావడం అదే బాట. ఈ మాట విభక్తుల్లో వ తెచ్చుకుంటుంది, అందుకే రష్యన్ త్సెర్కొవ్, సెర్బియన్ త్స్ర్క్వా, స్లొవేనియన్ త్సెర్కెవ్ అన్నింటిలో వ ఉంది. ఆ వ ఎక్కడిదని గ్రీకులో వెతికితే దొరకదు, స్లావిక్ వ్యాకరణంలో వెతకాలి.

ఇక సర్కస్ కథ. వలయం అనే అర్థం గల లాటిన్ కిర్కుస్ నుంచి చర్చ్ వచ్చిందని, పాత మందిరాలు గుండ్రంగా ఉండేవని ఒక వాదన చాలాకాలంగా తిరుగుతోంది. గ్రీకు మాయావి కిర్కె పేరు నుంచి వచ్చిందని ఇంకో వాదన, దీన్ని క్రైస్తవాన్ని తిట్టడానికి వాడతారు. రెండింటినీ ఒక్క అక్షరంతో కొట్టేయవచ్చు. కిరికా, కిరిహ్హా రెంటిలోనూ ర తర్వాత ఇ ఉంది. కురియకోన్‌లోనూ అక్కడ ఇ ఉంది. కిర్కుస్‌లో, కిర్కెలో లేదు. పాత రూపాల గడి ఎందుకు పెట్టుకోమన్నామో దీన్ని బట్టే అర్థమవుతుంది. నేటి చర్చ్, కిర్క్ మాత్రమే చూస్తే ఆ అచ్చు రాలిపోయింది, అబద్ధం అతికినట్టే ఉంటుంది.

మిగతా ఇళ్లు

లాటిన్ బాసిలికా అంటే కోర్టులూ వ్యాపారమూ జరిగే పెద్ద బహిరంగ మండపం. రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ కాలంలో క్రైస్తవులు అదే నమూనాలో మందిరాలు కట్టారు, పేరూ దానితోనే వచ్చింది. రుమేనియన్‌లో రెండు అచ్చుల మధ్య ల ర అవుతుంది. సూర్యుడు అనే సోలెమ్ అక్కడ సోఅరె. అందుకే బాసిలికా బిసెరికా. స్విట్జర్లాండ్ కొండల్లో రొమాన్ష్ మాట్లాడేవాళ్ల బసేల్జా కూడా ఇదే. ఫ్రాన్స్‌లో బజోష్ అనే ఊళ్ల పేర్లలో ఇది శిలాజంలా మిగిలింది.

పోలిష్ కోష్చువ్, చెక్ కోస్తెల్, స్లొవాక్ కోస్తొల్ లాటిన్ కాస్తెల్లుమ్ నుంచి, అంటే కోట నుంచి. పోలిష్‌లో ఎముకను కోష్చ్ అంటారు కాబట్టి సాధువుల ఎముకలున్న చోటని చెప్పే కథ ఒకటుంది. అది ధ్వని పోలిక మీద అల్లిన కథ మాత్రమే.

లిథువేనియన్ బజ్నీచా, లాట్వియన్ బజ్నీత్సా తూర్పు స్లావుల మాట నుంచి వచ్చాయి. అందులో బోగ్ అంటే దేవుడు, మొత్తం అర్థం దేవుడి ఇల్లు. ఇదే మాట పోలిష్‌లో బూజ్నిత్సాగా ఉంది, కానీ అక్కడ దానర్థం యూదుల ప్రార్థన మందిరం. పోలిష్ చేతిలో పట్టుకుని లిథువేనియన్ చదివితే ఊరంతా యూదులే కనబడతారు.

హంగేరియన్ ఎద్యహాజ్‌ను ‘ఒక్క ఇల్లు’ అని విడగొట్టి ఐక్యత మీద ప్రసంగాలు చేయవచ్చు, ఎద్య అంటే నేటి భాషలో ఒకటి కాబట్టి. ఇక్కడున్నది మాత్రం పవిత్రం అనే అర్థం గల, ఇప్పుడు వాడుకలో లేని ఇంకో పాత మాట. పవిత్రమైన ఇల్లు అన్నదే అసలు అర్థం. పండగను చెప్పే యున్నెప్ అనే మాటలోనూ మొదటి భాగం పవిత్రం అనే ఆ పాత మాటే, రెండోది రోజు.

జర్మనీ వెళ్లినవాళ్లకు ఇంకో రెండు తగులుతాయి. డోమ్ లాటిన్ దోముస్, అంటే ఇల్లు, ఇటలీలో దుఓమో. మ్యున్స్టర్ మొనాస్తేరియుమ్ నుంచి, అంటే మఠం. కానీ 161.5 మీటర్ల శిఖరం ఉన్న ఉల్మ్ మ్యున్స్టర్ ఎన్నడూ మఠం కాదు, బిషప్ పీఠమూ కాదు, ఊరి జనం కట్టుకున్న మందిరం. పరిమాణం చూసి కేథడ్రల్ అనకండి. కతేద్రా అంటే బిషప్ కూర్చునే ఆసనం, అది ఉన్నదే కేథడ్రల్. మెదక్ చర్చి కేథడ్రల్ అయింది దాని గోపురం ఎత్తుకు కాదు, మెదక్ డయోసిస్ బిషప్ పీఠం అక్కడ ఉన్నందుకు.

ఊళ్ల పేర్లతో సరిచూడండి

నిఘంటువులో తేలనిది ఒక్కోసారి మ్యాపులో తేలుతుంది. మాంచెస్టర్ దగ్గర ఎకిల్స్ అనే ఊరుంది. ఇంగ్లిష్ వాళ్లు రాకముందు బ్రిటన్‌వాళ్లు వాడిన ఎక్లేసియా రూపం అది. ఫ్రాన్స్ ఉత్తర తీరాన డన్‌కర్క్ అంటే ఇసుక దిబ్బల చర్చి, పేరు డచ్ వాళ్లది. స్కాట్లాండ్ ఉత్తరాన ఆర్క్నీ దీవుల్లోని కిర్క్‌వాల్ ఊరి పేరుకు గోడతో సంబంధం లేదు, నార్స్‌లో చర్చి ఉన్న అఖాతం. హంగేరీలో నీరెద్యహాజా పేరులో పవిత్రమైన ఇల్లు అలాగే ఉంది. ఐర్లాండ్‌లో కిల్ తో మొదలయ్యే చాలా పేర్లు లాటిన్ కెల్లా, అంటే చిన్న గది, నుంచి. కిల్డేర్ అంటే ఓక్ చెట్టు చర్చి.

ఐర్లాండ్‌లోనే డొనామోర్ అనే పేరు చూడండి. పెద్ద మందిరం అని అర్థం, అందులోని దొవ్‌నఖ్ లాటిన్ దొమినికుమ్ నుంచి. అదీ ప్రభువుది అనే అర్థమే, అంటే కురియకోన్‌కు లాటిన్ జత. ఐరిష్‌లో ఆదివారానికీ ఇదే మాట. గ్రీకులో కిరియకీ ఎలా ఉందో ఇక్కడా అలాగే. రెండు వేర్వేరు భాషల్లో మందిరమూ ఆదివారమూ ఒకే మాటను పంచుకోవడం కురియకోన్ మూలానికి మంచి బలం.

ఉచ్చు ఒకటుంది. స్కాట్లాండ్‌లో కిర్‌కాల్డీ, కిర్కిన్‌టిలక్ అనే ఊళ్ల పేర్లు కిర్క్‌తో మొదలవుతాయి, కానీ వాటిలో ఉన్నది కోట అనే అర్థం గల కెల్టిక్ మాట కయిర్. పాత రాతల్లో ఆ రూపం స్పష్టంగా ఉంది. ఊరి పేరును నేటి బోర్డు చూసి విడగొట్టకండి.

మూలం వేరు, అర్థం వేరు

ఇంత చేశాక చాలామంది ఆఖరి మెట్టు మీద జారుతారు. ఎక్లేసియా అంటే ‘బయటికి పిలువబడినవారు’, కాబట్టి సంఘమంటే లోకం నుంచి వేరైనవారు అని మన ప్రసంగాల్లోనూ తరచు వినిపిస్తుంది. వేరైన జీవితం అనే బోధకు బైబిల్లో వేరే ఆధారాలుండవచ్చు, ఈ మాట ముక్కల్లో మాత్రం లేదు. సరిచూసుకోవడానికి అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం తీయండి. ఎఫెసులో అర్తెమి దేవి పేరిట నాటకశాలలో కేకలు వేస్తున్న గుంపును 32, 41 వచనాల్లో గ్రీకు ఎక్లేసియా అంటుంది. 39లో నగరపు చట్టబద్ధమైన సభనూ అదే అంటుంది. తెలుగు బైబిల్ సరిగ్గానే అక్కడ సభ అని రాసింది. ఆ గుంపును ఎవరూ లోకం నుంచి వేరు చేయలేదు. మొదటి శతాబ్దంలో ఆ మాట విన్నవాడికి తోచేది కూడిన జనమే.

దీనికి తమాషా కొనసాగింపు ఇంగ్లిష్‌లో ఉంది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ అదే అధ్యాయం 37వ వచనంలో గుళ్లను దోచేవారిని చర్చిలను దోచేవారని రాసింది. అంటే ఒకే అధ్యాయంలో ఎక్లేసియా ఉన్నచోట చర్చ్ లేదు, చర్చ్ ఉన్నచోట ఎక్లేసియా లేదు.

అనువాదకులు ఏ మాట ఎంచుకున్నారన్నది రాజకీయమూ అయింది. జర్మన్ మత సంస్కర్త లూథర్ 1522లో ఎక్లేసియాకు కిర్షె బదులు గెమైనె వాడాడు. 1526లో ఇంగ్లిష్ అనువాదకుడు టిండేల్ చర్చ్ బదులు సమాజం అనే అర్థం గల కాంగ్రిగేషన్ రాశాడు, కథోలిక పండితుడు థామస్ మోర్ దాన్ని తీవ్రంగా ఖండించాడు. కింగ్ జేమ్స్ అనువాదకులకు ఇచ్చిన నియమాల్లో చర్చ్‌ను కాంగ్రిగేషన్ చేయకూడదని పేరుపెట్టి రాశారు. జనం గుంపు అంటే పెత్తనం జనానిది, చర్చ్ అంటే బిషప్పులది. అందుకే పదహారో శతాబ్దపు అనువాదం ఏదైనా చూసేటప్పుడు ఆ మాట వరుస పక్కన అనువాదకుడి పక్షం కూడా రాసుకోవడం మంచిది.

చేసి చూడడానికి రెండు లెక్కలు

మొదటిది పోలిష్. నాలుగు మాటలు తీసుకోండి: కోష్చువ్, త్సెర్కియెవ్, జ్బూర్, బూజ్నిత్సా. నేటి అర్థాల గడిలో వరుసగా కథోలిక, ఆర్థడాక్స్ లేదా గ్రీకు కథోలిక, ప్రొటెస్టెంట్, యూదు అని పడాలి. మూలాల గడిలో కోట, ప్రభువుది, కూడిక, దేవుడు. జ్బూర్‌కు రష్యన్ సొబోర్ బంధువు, అక్కడ దానర్థం కేథడ్రల్ లేదా మత మహాసభ. రెంటిలో ఉన్నది పోగుచేయడం అనే ధాతువు. అర్థంలో ఇది ఎక్లేసియాకు దగ్గరే, ధ్వనిలో ఏ చుట్టరికమూ లేదు.

రెండోది మాల్టా. మాల్టీస్‌లో చర్చిని క్నీస్యా అంటారు. చుట్టూ ఇటాలియన్ కియేసా, దూరాన టర్కిష్ కిలిసె. రెండూ ఎక్లేసియా పిల్లలే, కాబట్టి ఇదీ అంతే అనిపిస్తుంది. కానీ మాల్టీస్ అరబిక్ నుంచి పుట్టిన భాష. అరబిక్‌లో కనీసా, దాని వెనుక అరమాయిక్‌లో కూడిక అనే మాట. హీబ్రూలో ఇజ్రాయెల్ పార్లమెంటు క్నెసెట్ పేరు ఈ ధాతువుదే. క, న, స హల్లుల వరుస చూస్తే తేలిపోతుంది: ఎక్లేసియాలో ల ఉంది, న లేదు.

మన దేశంలో మాటలు నమోదు చేసేటప్పుడూ ఇదే పద్ధతి. హిందీ, ఉర్దూల్లో గిర్జా పోర్చుగీసు ఇగ్రేజా నుంచి వచ్చింది, మొదటి అచ్చు రాలింది. గోవా కొంకణిలో ఇగర్జ్ అని అచ్చు నిలిచింది. తెలుగు పాదిరి పోర్చుగీసు, చర్చి ఇంగ్లిష్. చర్చి చివరి ఇ మన భాష అతికించింది, హల్లుతో ముగిసే అరువు మాటలకు అచ్చు చేర్చడం మనకు అలవాటు. విషయాన్ని చర్చించే చోటు కాబట్టి చర్చి అని ఎవరైనా అంటే, సంస్కృత చర్చ పాత రూపాన్నీ ఇంగ్లిష్ చర్చ్ పాత రూపాన్నీ మూడో గడిలో పక్కపక్కన రాసి చూపించండి.